తగువులు తీరే క్రిస్మస్‌కు నలభై ఆరు గంటలు

ఫలక్‌నుమా స్టేషన్ వెనక, మా లేత్ షెడ్డున్న గల్లీలో పెరూ దేశం చూసి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. తిరిగొచ్చిన రోజు నుంచి కనిపించిన ప్రతివారూ అడుగుతున్నారు. అక్కడ క్రిస్మస్ ఎట్లా చేస్తారు, కేకు తింటారా, నక్షత్రం కడతారా, మటన్ దొరుకుతుందా అని. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ముక్క చెప్పాను. మొత్తం ఎవరికీ చెప్పలేదు. అది ఇక్కడ రాస్తున్నాను.

నా చదువు ఏడో తరగతితో ఆగింది. గేరు చక్రాలకు పళ్లు కోయడం నా పని. ఏ చక్రానికి ఎన్ని పళ్లు, ఎంత లోతు అన్న లెక్కలు పాత మెషిన్ల మీద అతికించిన పట్టికలు చూసి నేనే నేర్చుకున్నాను. నా లెక్క తప్పడం అరుదని మా షెడ్ల వాళ్లు అంటారు. నేను కూడా అలాగే అనుకుంటూ బతికాను.

వెళ్లింది పండుగ చూడటానికి కాదు. నా తమ్ముడు నాతో మూడేళ్లుగా మాట్లాడటం లేదు. వాడి పేరు సామ్యేలు, ఇంట్లో చిన్నోడు. మా పక్కనే ఉన్న బార్కస్‌లో ఒక హోటల్లో వంట నేర్చుకున్నాడు. సరుకు ఓడలో వంటవాడిగా ఎక్కి, పెరూ రేవులో దిగిపోయాడు. కుస్కో అనే కొండల ఊళ్లో చిన్న భోజనశాల పెట్టుకుని, లూసియా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. వాడు నా ఫోను ఎత్తకపోయినా లూసియా మాత్రం ప్రతి పండుగకూ ఫొటోలు పంపేది. నిరుడు ఒక సందేశం పంపింది. వాళ్ల అమ్మగారి ఊళ్లో క్రిస్మస్ రోజున, సంవత్సరమంతా తగువుపడ్డవాళ్లు అందరి ముందూ కొట్టుకుంటారట. కొట్టుకుని, కౌగిలించుకుని, తగువు అక్కడే వదిలేస్తారట. చివర్లో తన భర్త దగ్గర నేర్చుకున్న తెలుగు, ఇంగ్లిషు అక్షరాల్లో: "బావా, నువ్వు రా. లొల్లి ఖతం."

పక్క షెడ్డు సలీం భాయ్‌కి ఈ సంగతి చెప్పాను. ఆయన చాయ్ సాసరులో పోసుకుంటూ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మార్ ఖానే కు ఇత్తీ దూర్ కాయ్కు జాతే రత్నం భాయ్? బార్కస్ మే బోలో, హమారే పహిల్వానా మార్తే. ఆటో కా కిరాయా బీ నక్కో."

దెబ్బలు తినడానికి అంత దూరం దేనికి, బార్కస్ పహిల్వాన్లు ఆటో ఖర్చు కూడా లేకుండా కొడతారని ఆయన మాట. నవ్వాను. ఆ తర్వాత చాలా రోజులు నవ్వలేదు.

లీమా: ఎండలో వేడి చాక్లెట్

డిసెంబరు ఇరవైన ఉదయం తొమ్మిదికి ఇంట్లోంచి కాలు బయట పెట్టాను. ముప్ఫై తొమ్మిది గంటల తర్వాత లీమా విమానాశ్రయం బయట నిలబడ్డాను. వాళ్ల గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక. కాబట్టి అక్కడ ఇరవై ఒకటో తేదీ మధ్యాహ్నం ఒకటిన్నర. ఈ అంకెలు ఎందుకు రాస్తున్నానో ముందుకు పోయాక తెలుస్తుంది.

కుస్కో విమానానికి ఇంకా సమయముంది. కాళ్లు సాగదీసుకుందామని బయటి వీధుల్లోకి నడిచాను. డిసెంబరులో వాళ్లకు ఎండాకాలం. చొక్కా వీపుకు అతుక్కుంటోంది. ఇళ్ల కిటికీలకు మాత్రం మంచు అంటుకున్నట్టు దూది అతికించారు. ఒక వీధి మలుపులో వరస కనిపించింది. ముందు పెద్ద డేగిశా, పక్కన పసుపుపచ్చ రొట్టె ముక్కలు. దుకాణమే అనుకుని వరసలో నిలబడ్డాను. పదిహేడో మనిషిని నేను.

నా వంతు వచ్చింది. అరవై దాటిన ఒకావిడ గ్లాసులో పొగలు కక్కే చాక్లెట్ పోసి, రొట్టె ముక్క చేతిలో పెట్టింది. నేను నోటు తీశాను. ఆవిడ నోటు చూసింది, నన్ను చూసింది, వెనక్కి తిరిగి ఏదో అరిచింది. వరసంతా నవ్వింది. అప్పుడు చూశాను, నా ముందూ వెనకా ఉన్నది పేదింటి పిల్లలు, వాళ్ల తల్లులు. అది పండుగకు ముందు వీధివాళ్లు కలిసి పేదలకు పోసే చాక్లెట్. మా వైపు మొహర్రం రోజుల్లో గల్లీ మలుపుల్లో షర్బత్ పోసినట్టే. గ్లాసు వెనక్కి ఇవ్వబోతే ఆవిడ ఒప్పుకోలేదు. నోటు నా జేబులోకి తోసి, నా చేతికి పొడుగాటి చెక్క గరిటె ఇచ్చింది. తాగినవాడు కాసేపు కలపాలని సైగ చేసింది.

అరగంట కలిపాను. ఇరవై ఏడు డిగ్రీల ఎండలో కట్టెల పొయ్యి పక్కన, దాల్చినచెక్క, లవంగాల వాసనలో. ఆ రొట్టె పేరు పనెతోన్. మన బేకరీ పండ్ల కేకులాగే ఉంటుంది గానీ దూదిలా తేలిక, తీపి తక్కువ. పేదాగొప్పా అందరిళ్లల్లోనూ పండుగకు అదే ఉండాలట. మా ఇంట్లో పండుగకు అక్క సుగుణ రవ్వలడ్లు చుట్టేది. ఇంటికి ముగ్గురమే అయినా నూట ఇరవై చుట్టేది. గల్లీలో హిందువుల ఇళ్లు, ముస్లింల ఇళ్లు లెక్కపెట్టుకుని, ఇంటికి నాలుగు.

మమ్మల్నిద్దర్నీ పెంచింది ఆ అక్కే. తమ్ముడు నాతో మాట్లాడకపోవడం ఆమె వల్లే, అంటే ఆమె చావుకు నేను కట్టిన లెక్క వల్ల.

కుస్కో: తలుపు దగ్గర

సాయంత్రం విమానం కొండలమీదికి తీసుకుపోయింది. రాత్రి ఎనిమిదిన్నరకు లూసియా ఇంటి తలుపు కొట్టాను. ఇంటి గడప నుంచి ఆ గడపకు నలభై ఆరు గంటలు. తలుపు తెరిచిన లూసియా నన్ను చూసి నవ్వడానికి ముందే నేను ఆ లెక్క వేసేశాను. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎత్తు పడలేదనుకుని ఆమె భయపడింది. ఆ ఊరు మూడువేల నాలుగువందల మీటర్ల ఎత్తు. మనది ఐదువందల చిల్లర.

"బావా! శ్వాస? శ్వాస ఉందా?" అంటూ వీపు రుద్దింది.

శ్వాస ఉంది. నాడి నిమిషానికి నూట పన్నెండు కొట్టుకుంటోంది. కానీ నన్ను కూలేసింది ఆ నలభై ఆరు.

మూడేళ్ల కింద ఒక బుధవారం సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకు పిలిచి, అక్క రేపు సాయంత్రం దాటడం కష్టమన్నాడు. ఇరవై నాలుగు గంటలు. తమ్ముడు రావాలంటే టికెట్టు దొరకాలి, మూడు విమానాలు మారాలి. మూడు రోజులు పడుతుందని వేశాను. ఇరవై నాలుగులో డెబ్బై రెండు పట్టదు. చెబితే దారిలోనే ఏడుస్తాడు, వచ్చేసరికి మట్టి అయిపోయి ఉంటుంది. అందుకని చెప్పలేదు. అక్క మాత్రం కళ్లు తెరిచి అడిగింది, "చిన్నోడు వస్తుండా?" అని. "బయల్దేరిండక్కా" అన్నాను. ఒక రోజు అబద్ధమే కదా అనుకున్నాను.

అక్క గురువారం సాయంత్రం పోలేదు. శుక్రవారమూ పోలేదు. తలుపు కదిలినప్పుడల్లా అటు తల తిప్పింది. శనివారం తెల్లవారి ఐదున్నరకు పోయింది. అరవై ఒకటిన్నర గంటలు. డాక్టరు చెప్పింది ఒక మాట. నేను దాన్ని అంకె అనుకున్నాను. సమాధి అయ్యాక తమ్ముడికి ఫోన్ చేశాను. వారం తర్వాత మా చర్చి సంఘంలోని ఒక పెద్దమ్మ వాణ్ని ఓదార్చబోయి, "నువ్వు బయల్దేరినవని అన్న చెప్పిండు గదా బిడ్డా, ఆ రెండు దినాలు తలుపు దిక్కే చూసింది" అని చెప్పిందట. ఆ రోజు నుంచి వాడు నా ఫోను ఎత్తలేదు.

ఎంత బాధపడ్డా నాకొక ఆసరా ఉండేది: చెప్పినా వాడు అందుకునేవాడు కాదు. ఆ మెట్టు మీద అది కూడా పోయింది. టికెట్టు వెతకడానికి ఆరు గంటలు వేసినా, ఇంకా తొమ్మిదిన్నర గంటలు అక్క పక్కన కూర్చునేవాడు.

"వాడేడి?" అని అడిగాను.

లూసియా చూపు దించుకుంది. సామ్యేలును ఆమె సామి అంటుంది. "సామి లేదు. అమ్మ ఊరు పోయిండు. నువ్వొస్తవ్ అన్న. రెండు దినాల ముందే పోయిండు." తనకు తెలిసిన మాటల్లోంచి వెతికి తీసింది. "ఫికర్ వద్దు. అన్నం తిను."

ఆమెకు వచ్చిన తెలుగు మాటలు డెబ్బై దాకా ఉంటాయి. డెబ్బైతో ఇంటికొచ్చిన మనిషికి కావలసినవన్నీ చెప్పొచ్చని ఆ నాలుగు రోజుల్లో తెలిసింది. ఆ మాటలకు అందనివి ఫోన్లో స్పానిష్‌లో చెబితే, అది తెలుగులో నాటకాల భాషలో పలికేది.

కుస్కో: ముల్లు దిగిన బాలుడు

మర్నాడంతా, ఎత్తుకు అలవాటు పడటానికి కోకా ఆకుల కషాయం తాగుతూ పడుకున్నాను. ఇరవై మూడున లూసియా నన్ను ఊరి నడిబొడ్డున ఉన్న చౌకుకు తీసుకుపోయింది. అక్కడ సాంతురాంతికుయ్ అనే సంత జరుగుతుంది. దేవుళ్ల బొమ్మలు కొనే సంత అని అర్థమట. అసలు రోజు ఇరవై నాలుగు, కానీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందే వచ్చి దుప్పట్లు పరిచేస్తారు. పశువుల పాక కట్టడానికి కొండగడ్డి, నాచు, మట్టి గొర్రెలు, వాళ్ల కొండ జంతువులైన లామాలు, ముగ్గురు రాజులు, అన్నీ నేలమీదే. బాలయేసు పక్కన ఒంటె బదులు లామా పడుకుని ఉంటే మొదట వింతగా అనిపించింది. మా ఇంట్లో అక్క పశువులపాక కట్టినప్పుడు ఒంటె బొమ్మ దొరక్క గేదెను పెట్టిన సంగతి గుర్తొచ్చాక వింత పోయింది.

చాలా దుప్పట్ల మీద ఒకే బొమ్మ ఉంది. మూడు నాలుగేళ్ల బాలయేసు, బుగ్గలు ఎర్రగా, కుర్చీలో కూర్చుని ఒక కాలు మోకాలి మీద పెట్టుకుని ఉంటాడు. అరికాలిలో ముల్లు. చెంప మీద కన్నీటిబొట్టు. ఆయన్ని వాళ్లు ముద్దుగా 'మాన్యుయేలితో' అంటారు. గొర్రెలు కాసే పిల్లలతో ఆడుకోవడానికి వచ్చి ముల్లు తొక్కాడట. ప్రతి ఇంటికీ ఒక బాలుడుంటాడు. ఏటేటా కొత్త బట్టలు కుట్టి తొడుగుతారు.

ఒక దుప్పటి వెనక తెయోఫిలో అనే ముసలాయన కూర్చున్నాడు. వేళ్లకు రంగులు, నోట్లో కోకా ఆకు. బొమ్మ నోరు తెరిచి చూపించాడు. లోపల అంగిట్లో చిన్న అద్దం ముక్క. పళ్లు పక్షి ఈకల కాడతో చేసినవి. వేలంత బొమ్మ నలభై సోళ్లు, మూరెడు బొమ్మ ఆరువందలు. ఒక సోల్ అంటే మన ఇరవై మూడు రూపాయలు. నేను లూసియాతో అడిగించాను, పండుగ అయ్యాక ముల్లు ఎప్పుడు తీస్తారని.

తెయోఫిలో గట్టిగా నవ్వాడు. లూసియా ఫోన్లోకి ఆయన మాటలు చెప్పింది. ఫోను ఇలా పలికింది: "కంటకము తీసినచో బాలుడు లేచి ఆటకు పోవును. ఇంటియందు ఉండడు."

"అంటే ఎప్పటికీ తీయరా?"

ముసలాయన నావైపు చూసి ఏదో మెల్లగా అన్నాడు. ఈసారి లూసియా ఫోను వాడలేదు. "మస్తు నొప్పి ఉన్నోడు ఇంట్ల కూసుంటడు అంటుండు" అంది. తర్వాత నా మొహం చూసి, "తాత పరేషాన్ చేస్తుండు బావా. పా" అని చెయ్యి పట్టి లాగింది.

చౌకు చివర పాలు, కొబ్బరి, సారా కలిపిన వేడి పానీయం అమ్ముతున్నారు. గ్లాసు మూడు సోళ్లు. వానజల్లు మొదలైంది. అమ్మేవాళ్లందరూ బొమ్మల మీద ప్లాస్టిక్ కప్పి, తాము తడుస్తూ కూర్చున్నారు.

బస్సు: ఎద్దు కోసం పోతున్న పెద్దమనిషి

ఇరవై నాలుగు తెల్లవారి నాలుగుకు బస్సెక్కాము. లూసియా వాళ్లమ్మ ఊరు సాంతో తోమాస్. అక్కడికి తొమ్మిది గంటలు. రోడ్డు ఎంత మెలికలు తిరిగిందంటే, లెక్కపెట్టడం మొదలుపెట్టి రెండువందల పద్నాలుగో మలుపు దగ్గర వాంతి చేసుకున్నాను. పక్క సీటులో ఉన్న పెద్దాయన తన టోపీ తీసి నా ముందు పట్టాడు. మంచి టోపీ. అందులో చేయలేక కిటికీలోంచి చేశాను. దాంతో మాకు స్నేహం కుదిరింది.

ఆయన పేరు 'ఫోర్తునాతో'. అరవై మూడేళ్లు, ముందు పళ్లు నాలుగే మిగిలాయి. కుస్కో సంతకు వచ్చి ఊరికి తిరిగిపోతున్నాడు, రేపు తన బామ్మర్దిని కొట్టడానికి. బామ్మర్ది ఎద్దు తన ఆలుగడ్డ చేను తొక్కింది, అడిగితే నీ కంచెదే తప్పన్నాడు. మే నెలలో జరిగిన సంగతి. మే నుంచి డిసెంబరు దాకా ఆ కోపాన్ని దాచుకున్నాడు. పెళ్లికి దుస్తులు దాచుకున్నట్టు.

"నడుమ రోజుల్లో మాట్లాడుకోరా?" అని అడిగించాను.

"ఎందుకు మాట్లాడుకోం? కాలువ ఒక్కటే" అన్నాడు. లూసియా వివరించింది. ఒకే కాలువలోంచి ఇద్దరి చేలకూ నీళ్లు పోవాలి. రేపు గట్టు ఒకడు తెరవాలి, ఎల్లుండి ఇంకొకడు. కోర్టు ఉన్న ఊరికి పోయి రావాలంటే రెండు రోజులు. క్రిస్మస్‌కు నడిచి పోవచ్చు.

పెద్దాయన నన్ను అడిగాడు, నువ్వు ఎవరిని కొడతావు అని.

"నేను కొట్టను. నా తమ్ముడు నన్ను కొట్టాలి."

ఆయన నా భుజం నొక్కి చూశాడు, సంతలో మేకను చూసినట్టు. తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు. బస్సులో ముందు సీట్లవాళ్లు కూడా తిరిగి నవ్వారు.

"ఏందంట?"

లూసియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పడిపోతే లేవకు అంటుండు. పడ్డోణ్ని కొట్టరు. అట్లనే పండుకో అంటుండు."

నాకు ఆ మాట నచ్చింది. అంతవరకూ నా ఆశ కూడా అంతే. వాడు కొడతాడు, నేను పడతాను, వాడు లేపుతాడు.

సాంతో తోమాస్: వడ్డించిన చెయ్యి

లూసియా వాళ్లమ్మ ఇల్లు మట్టి ఇటుకలది. మేము పోయేసరికి మధ్యాహ్నం. పెరట్లో పొయ్యి దగ్గర నా తమ్ముడు నిలబడి ఉన్నాడు. జుట్టు సగం తెల్లబడింది. నలభై నాలుగేళ్లకే. నన్ను చూశాడు. చేతిలో గరిటె ఆగలేదు.

"చిన్నోడా" అన్నాను.

వాడు స్పానిష్‌లో ఏదో అన్నాడు. మర్యాదగానే ఉంది. లూసియా ముఖం కందిపోయింది.

"ఏమన్నడు?"

"కూర్చోండి సార్, అన్నడు."

ఆ రోజంతా అంతే. తన హోటలుకు వచ్చినవాడితో మాట్లాడినట్టు, స్పానిష్‌లో, 'సార్' అని. నాకు ఆ భాష రాదని తెలిసే.

వాళ్ల పండుగ భోజనం ఇరవై నాలుగు అర్ధరాత్రి. పన్నెండు కొట్టగానే ఇంట్లో చిన్నవాళ్లు బాలయేసును తొట్టిలో పడుకోబెడతారు, బయట టపాకాయలు పేలుతాయి, అందరూ ఒకరినొకరు కౌగిలించుకుంటారు, తర్వాత భోజనం. మన దగ్గరైతే అప్పుడు ఇరవై ఐదు ఉదయం పదిన్నర, ఆరాధన సగంలో ఉండే సమయం. లూసియా కౌగిలించుకుంది, వాళ్లమ్మ కౌగిలించుకుంది, పేరు తెలియని పక్కింటివాళ్లు కౌగిలించుకున్నారు. పదకొండు మంది. తమ్ముడు ఆ సమయానికి మాంసం కోస్తున్నాడు. చేతులు ఖాళీగా లేవు.

కంచం మాత్రం తనే తెచ్చిపెట్టాడు. కాల్చిన మాంసం, ఆలుగడ్డలు, పక్కన గుప్పెడు అన్నం. అన్నంలో షాజీరా వేశాడు. అక్క వేసినట్టే. ముద్ద నోట్లో పెట్టుకుని తలెత్తాను. వాడు అప్పటికే పక్కవాళ్ల కంచాల దగ్గర ఉన్నాడు. అందరి అన్నంలోనూ షాజీరా ఉంది.

సాంతో తోమాస్: వలయం

ఇరవై ఐదు ఉదయం ఊరంతా మైదానం వైపు నడిచింది. ఈ పండుగ పేరు తకనకుయ్, ఒకరినొకరు కొట్టుకోవడం అని అర్థమట. మగవాళ్లు ఉన్నితో అల్లిన ముసుగులు వేసుకున్నారు. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, పసుపు. కొందరి టోపీల మీద ఎండబెట్టిన డేగ, ఒకడి నెత్తిన జింక తల. ముసుగుల లోపల్నుంచి ఎవరూ గుర్తుపట్టకుండా సన్నగొంతుతో మాట్లాడుతున్నారు. ఒకే వరస పాట, మళ్లీ మళ్లీ అదే. మా బార్కస్ పెళ్లిళ్ల మర్ఫా డప్పులు పొద్దంతా వాయించినా ఇంత విసుగు రాదు. ఇంత దిగులూ రాదు.

జనం గుండ్రంగా నిలబడితే అదే వలయం. లోపల ఇద్దరు ముగ్గురు కొరడాలు పట్టుకుని జనాన్ని వెనక్కి తోస్తారు. బోనాల్లో పోతరాజులు గుర్తొచ్చారు. మనవాళ్లు తమను కొట్టుకుంటారు, వీళ్లు గీత దాటినవాణ్ని కొడతారు. అంతే తేడా.

పోటీ పిలుపుతో మొదలవుతుంది. ఒకడు లోపలికి వచ్చి, తగువున్నవాడి పూర్తి పేరు అరుస్తాడు. వాడు వచ్చాడా, మొదట కౌగిలించుకుంటారు. తర్వాత కొట్టుకుంటారు, పిడికిళ్లతో, కాళ్లతో. పడినవాణ్ని ముట్టుకోకూడదు. రక్తం కనిపిస్తే కొరడా అడ్డం పెడతారు. అయిపోయాక మళ్లీ కౌగిలించుకోవాలి. ఆ రెండోది లేకుంటే పోటీ అయినట్టు కాదు. ఆడవాళ్లూ దిగుతారు. పదో పోటీ ఫోర్తునాతోది. బామ్మర్ది ఆయనకంటే తలెత్తు పొడుగు. పెద్దాయన రెండు గుద్దులు గుద్ది, నాలుగు తిని, వెల్లకిలా పడి, నాకు చెప్పినట్టే లేవకుండా పడుకున్నాడు. బామ్మర్దే లేపాడు. మెడ మీద మెడ వేసుకుని ఇద్దరూ ఏడ్చారు. బయటికి వస్తూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. పళ్లు మూడే ఉన్నాయి.

ఇక నేను ఆగలేకపోయాను. లూసియాను అడిగాను, వాడి పేరు పిలవమని. ఆమె వద్దనలేదు. కొరడా మనిషి చెవిలో చెప్పింది. ఆయన అరిచాడు. ఫలక్‌నుమా ఎక్కడుందో ఆ మైదానంలో ఎవడికీ తెలియదు గానీ, ఫలక్‌నుమా సామ్యేలును అందరూ ఎరుగుదురు. జనం ఈలలు వేశారు. ఎవడో నా తలమీద ముసుగు తొడగబోతే తీసేశాను. నన్ను చూసే కొట్టాలి వాడు.

నేను వలయం మధ్యలో నిలబడ్డాను. ఒక నిమిషం. రెండు. జనం పక్కకు జరిగారు. తమ్ముడు వచ్చాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి.

నేరుగా నా దగ్గరికి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. పొగ వాసన, ఉల్లిగడ్డ వాసన. నా ఎముకలు విరిగేంత గట్టిగా. నా నోట్లోంచి ముందు వచ్చింది అంకే.

"నలభై ఆరు గంటలు పట్టిందిరా. చెప్పుంటే అందుకునేటోనివి. తప్పు లెక్క వేసిన చిన్నోడా. కొట్టు."

"తెలుసన్నా" అన్నాడు. మూడేళ్ల తర్వాత తెలుగులో మొదటి మాట. "నేను ఎప్పుడో వేసుకున్న ఆ లెక్క. డాక్టరు ఒక్క దినమే అన్నడు. ఆ మీద ముప్పై ఏడున్నర గంటలు అక్క నా కోసమే ఉన్నది. అవి నాయి. నువ్వు తిన్నవ్."

"తిన్న. అందుకే వచ్చిన. కొట్టరా."

వాడి చేతులు ఇంకా నా వీపు మీదే ఉన్నాయి. చెవిలో చెప్పాడు, మెల్లగా, కోపం లేకుండా.

"ఈ కొట్లాట ఎవరికో తెల్సా అన్నా? పొద్దుగాల లేస్తే ఒక్క కాలువ కాడ మొకాలు చూసుకోవాల్సినోళ్లకు. కొట్టుకోకుంటే బతుకు నడ్వదు వాళ్లకు. నువ్వు ఇర్వై ఎనిమిదికి పోతవ్. నిన్ను కొట్టి నేనేం చేసుకోవాలె? ఎవ్వరితోని కలిసుండాలె?"

"ఏడాదికోసారి వస్తరా. ఫోన్ చేస్త."

"వద్దు. నాకు నీ మీద పగ లేదన్నా. పగుంటే మంచిగుండు. కొడుతుంటి."

చేతులు వదిలేశాడు. చొక్కా చేతులు కిందికి దించి గుండీలు పెట్టుకున్నాడు, ఒకటి, రెండు. కొరడా మనిషితో ఏదో అన్నాడు. జనం పక్కకు జరిగి దారిచ్చారు, ఈలలు ఆగిపోయాయి. లూసియా వాడి వెనక పరుగెత్తింది. నేను చేతులు అలాగే సగం ఎత్తుకుని ఉన్నాను, వాటిని ఏం చేయాలో తెలియక.

కొరడా మనిషి వచ్చి, నన్ను కొట్టలేదు, నా మోచెయ్యి పట్టుకుని పక్కకు నడిపించి జనంలో నిలబెట్టాడు. మరుక్షణం ఇంకెవరి పేరో పిలిచాడు. ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు, నలభై ఏళ్లుంటాయి. ఒకామె చెవిపోగులు తీసి ఆయన చేతిలో పెట్టింది. కౌగిలించుకున్నారు. జుట్లు ఊడి వచ్చేలా కొట్టుకున్నారు. ఒకామె పడింది. రెండో ఆమె వంగి, చెయ్యిచ్చి లేపి, దుమ్ము దులిపి, మళ్లీ కౌగిలించుకుంది. అలవాటు కొద్దీ గడియారం చూశాను.

మొత్తం రెండు నిమిషాల పది సెకన్లు.